142కి తక్కువ, 131కి ఎక్కువ... ఇదేం లెక్క మేడమ్?

ఇంజినీరింగ్ సీట్లకు దేశమంతా రాసే జేఈఈ మెయిన్ జనవరి సెషన్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నిట్లో ఒకటే గోడు. మార్కులు ఒకటి చెప్తాంటే పర్సెంటైల్ ఇంకోటి చెప్తాంది అని. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లోళ్లకి లెక్కలు చెప్పినదాన్ని, ఈ గోడు వింటే ఊరికే ఉండలేను. అందుకే ఈ వారం వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది గుత్తి దగ్గర పల్లె. మావాడు జనవరిలో జేఈఈ మెయిన్ రాసినాడు, కీ పెట్టుకొని లెక్కేస్తే 142 మార్కులు. పక్కింటి పాప వేరే రోజు రాసింది, ఆ పాపకు 131. రిజల్ట్ వచ్చినాక చూస్తే మావాడికి 97 పర్సెంటైల్, ఆ పాపకు 97.5. పదకొండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నోడు కిందకి ఎట్ల పోతాడు? వాడు రెండు రోజుల నుంచి సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. ఎక్కడో తప్పు జరిగిందంటాడు. రీవాల్యుయేషన్ ఉంటుందా, ఎవరినన్నా కలవాల్నా చెప్పండి. – ఒక నాయన, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, ముందు పిల్లోడిని పక్కన కూర్చోబెట్టుకొని అన్నం తినిపించండి, వాడికి ఏ అన్యాయమూ జరగలేదు. రీవాల్యుయేషన్ అనేది జేఈఈ మెయిన్‌లో లేదు. రిజల్ట్‌కి ముందు ప్రొవిజనల్ కీ, అంటే తాత్కాలిక జవాబుల జాబితా పెడతారు, అందులో ఏదన్నా జవాబు తప్పనిపిస్తే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేసుకోవచ్చు, ఆ గడువు దాటినాక ఇంకేం లేదు. ఎవరినీ కలిసే పని లేదు, ఎవరైనా మేము సరిచేయిస్తామని ఫోన్ చేసినా ఒక్క రూపాయి ఇవ్వద్దు.

ఇంక అసలు సంగతి. మీరు గుత్తి అన్నారు కాబట్టి శెనక్కాయ పంటతోనే చెప్తా. వాన సరిగ్గా పడిన ఏడు ఎకరాకు పది మూటలు తీసినాయన ఊర్లో ఒక మాదిరి రైతు, అంతే. వాన ఎగ్గొట్టిన ఏడు అదే ఊర్లో నాలుగు మూటలు తీసినాయన మొనగాడు. పది ఎక్కువా నాలుగు ఎక్కువా అంటే బడికి పోయే పిల్లోడు కూడా పది అంటాడు, కానీ ఎవరిది మంచి సేద్యం అని అడిగితే రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దాయన ముందు అడిగేది ఆ ఏడు వాన ఎట్లుండింది అనే. మార్కులు మూటల్లాంటివి, పేపర్ వానలాంటిది. పర్సెంటైల్ అంటే, అదే వానకు పండించినోళ్లలో నీతో సమానంగానో నీకంటే తక్కువగానో తీసినోళ్లు నూటికి ఎంతమంది అనేది.

జేఈఈ మెయిన్ ఒక్కరోజులో అయిపోయే పరీక్ష కాదు కదా, కొన్ని రోజులపాటు రోజుకు రెండు షిఫ్టులు, పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 3 నుంచి 6, ప్రతి షిఫ్టుకూ వేరే పేపర్. మీవాడి పేపర్ వేరు, ఆ పాప పేపర్ వేరు. ఒక షిఫ్టులో ఫిజిక్స్ తేలిగ్గా వస్తుంది, ఇంకో షిఫ్టులో మ్యాథ్స్ పేజీలు పేజీలు మింగేస్తుంది. అందుకే 2019 జనవరిలో పరీక్షలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌టీఏ ఈ పరీక్షను చేతిలోకి తీసుకున్నప్పుడే పర్సెంటైల్ పద్ధతి తెచ్చింది, అంతకుముందు 2017, 2018ల్లో సీబీఎస్‌ఈ పెట్టేటప్పుడు మార్కులతోనే ర్యాంకు ఇచ్చేవాళ్లు. మనలో చాలామంది ఇళ్లల్లో ఇంకా ఆ పాత లెక్కే నడుస్తాంది, గొడవంతా అక్కడే.

లెక్క చేసి చూపిస్తా, అర్థం కావడానికి నేను వేసుకున్న నంబర్లే ఇవి, అసలువి కాదు. మీవాడి షిఫ్టులో 1,20,000 మంది రాసినారు అనుకోండి. అందులో 142 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చినోళ్లు 1,16,400 మంది. దాన్ని 1,20,000తో భాగించి నూరుతో గుణిస్తే 97. ఆ పాప షిఫ్టులో 1,10,000 మంది, 131 గానీ తక్కువ గానీ వచ్చినోళ్లు 1,07,250 మంది, లెక్కేస్తే 97.5. అంటే మీవాడి పేపర్ కాస్త తేలిక, 142 దాటినోళ్లు 3,600 మంది ఉన్నారు. ఆ పాప పేపర్ గట్టిది, 131 దాటినోళ్లు 2,750 మందే. ఇంత చిన్న భాగహారం అన్నా ఇది, దీని మీద పిల్లోళ్ల నిద్రలు పోతాండాయి.

పోయిన ఆదివారం హాస్టల్లో ఉండే పిల్లోడొకడు మా ఇంటికొచ్చినాడు. పాత క్యాలెండర్ కాగితం వెనక ఎడమపక్క తన ఆరుగురు స్నేహితుల మార్కులు పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా రాసుకున్నాడు, కుడిపక్క వాళ్లవే పర్సెంటైల్స్ అట్లే వరసగా రాసినాడు, పెన్సిల్‌తో ఎవరిది వాళ్లకి కలిపినాడు. గీతలు తిన్నగా పోవాల కదా, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయినాయి. ఆ అబ్బాయి చానాసేపు ఆ కాగితం వైపే చూసి, ఒక్కో గీత పక్కన వాళ్లు రాసిన తేదీ, షిఫ్టు రాసుకున్నాడు. అప్పుడు గాని వాడి మొహం తేరుకోలేదు. మీవాడిని కూడా కాగితం తీసుకొని ఇట్ల చేయమనండి, నేను చెప్పేదానికంటే అదే బాగా చెప్తుంది.

ఇందులో ఒక న్యాయమైన అనుమానం ఉంది, అది దాచను. ఒక షిఫ్టులో అందరూ తెలివైనోళ్లే పడితే ఎట్ల అని. ఎవరికి ఏ షిఫ్టు అనేది పిల్లలు ఎంచుకునేది కాదు, ఒక్కో షిఫ్టులో లక్షకు అటూ ఇటూ మంది ఉంటారు. అంతమందిని కలగలిపి పంచినప్పుడు బాగా చదివేవాళ్లూ ఒక మాదిరి వాళ్లూ అన్ని షిఫ్టుల్లో ఇంచుమించు ఒకే పాళ్లల్లో పడతారు అనేదే ఈ పద్ధతికి ఆధారం. పదిమంది గుంపైతే నేనూ ఒప్పుకోను, లక్షమంది అయితే ఒప్పుకుంటా. పైగా పాయింట్ తర్వాత ఏడు అంకెల దాకా ఇస్తారు, ఎందుకంటే ఇద్దరిని విడదీయడానికి రెండంకెలు చాలవు.

ఇంకోటి, జనవరి పర్సెంటైల్‌తో కథ అయిపోలేదు. ఏప్రిల్‌లో మళ్లీ రాస్తే రెండిట్లో ఏది ఎక్కువైతే అదే తీసుకుంటారు, ఏప్రిల్‌లో తగ్గినా జనవరిది పోదు. ర్యాంకు అనేది రెండు సెషన్లూ అయినాకే వస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా పాపకు 82 పర్సెంటైల్ వచ్చింది. 300కి 82 శాతం అంటే 246 మార్కులు అనుకొని ఇంటిల్లిపాదీ సంతోషపడినాం. తీరా చూస్తే మార్కులు డెబ్భై కూడా లేవు. ఇదేం మోసం? మేముండేది కర్నూలు, ఇక్కడి ట్రిపుల్ ఐటీలో లోకల్ వాళ్లకి సీటు ఇస్తారు కదా? – ఒక తల్లి, కర్నూలు

జవాబు: మోసం లేదమ్మా, రెండు మాటలు ఒకే మాదిరి వినపడి మిమ్మల్ని తికమక పెట్టినాయి. శాతం అంటే పేపర్‌లో నూటికి ఎంత రాబట్టింది అని. పర్సెంటైల్ అంటే రాసినోళ్లలో నూటికి ఎంతమందితో సమానంగానో పైనో ఉంది అని. 82 అంటే మీ పాప కంటే పైన నూటికి 18 మంది ఉన్నారు. వినడానికి 18 చిన్నదే, కానీ 2025లో రెండు సెషన్లూ కలిపి రాసినోళ్లు సుమారు 14.75 లక్షలు, దాంట్లో 18 శాతం అంటే 2,65,500. పర్సెంటైల్ చూసినప్పుడల్లా నూరులోంచి దాన్ని తీసేసి, మిగిలిందాన్ని మొత్తం రాసినోళ్లతో గుణించి చూసుకోండి, మీ పాప నిలబడిన చోటు తెలుస్తుంది. పెద్ద చదువులు ఏమీ అక్కర్లేదు ఈ లెక్కకు.

తమాషా ఏందంటే ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లకు ఒకే నిబంధనలో ఈ రెండు మాటలూ ఉంటాయి. ఇంటర్లో 75 శాతం మార్కులైనా ఉండాల, లేదంటే మన బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో, అంటే పైనుండే నూటికి ఇరవై మందిలో అయినా ఉండాల. ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ 75 బదులు 65. ఇక్కడ శాతాన్ని శాతంగానూ పర్సెంటైల్‌ని పర్సెంటైల్‌గానూ చదవాల.

జగన్నాథగట్టు మీద ఉండే ట్రిపుల్ ఐటీ మన ఊర్లోదే అయినా సీట్లు మటుకు ఆల్ ఇండియా ర్యాంకు మీదే, లోకల్ కోటా లేదు. హోమ్ స్టేట్ వాళ్లకి సగం సీట్లు అనేది ఎన్‌ఐటీల పద్ధతి, మనకు ఆ ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలో ఉంది. ఈ ఒక్క విషయం తెలీక కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు తప్పుగా పెట్టుకున్న పిల్లల్ని చూసినాను కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ప్రశ్న: మేడమ్, మా అన్న 2023లో 91 పర్సెంటైల్ తెచ్చుకొని ఐఐటీ సీట్లకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి క్వాలిఫై అయినాడు. నేను 2025లో 92 తెచ్చుకున్నా క్వాలిఫై కాలేదు. మాది జనరల్ కేటగిరీ. ఇంట్లో ఇప్పటికీ అన్నకంటే ఎక్కువొచ్చి కూడా ఎందుకు రాలేదు, ఫారం సరిగ్గా నింపలేదేమో అంటారు. నాకే జవాబు తెలీదు. – ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: తల్లీ, నీ ఫారంలో ఏ తప్పూ లేదు, నీ చదువులోనూ లేదు. ఈ ఉత్తరాన్ని మీ ఇంట్లో అందరి ముందరా గట్టిగా చదువు.

అడ్వాన్స్‌డ్‌కి పంపేది అన్ని కేటగిరీలూ కలిపి సుమారు రెండున్నర లక్షల మందిని. ఆ సంఖ్య అట్లే ఉంది, రాసేవాళ్లు మాత్రం పెరిగిపోయినారు. జనరల్ కటాఫ్ 2022లో 88.41, 2023లో 90.77, 2024లో 93.23, 2025లో 93.10. ఇది చూసి అందరూ పోటీ ఘోరమైపోయింది, ఇంక మనవల్ల కాదు అనుకుంటారు. పక్కన రాసినోళ్ల సంఖ్య పెట్టి చూడు. 2023లో రాసినోళ్లు సుమారు 11.13 లక్షలు, కటాఫ్ పైన నూటికి 9.23 మంది, అంటే లక్షా రెండువేల ఏడువందల చిల్లర. 2024లో సుమారు 14.15 లక్షలు, పైన 6.77 శాతం, తొంభై అయిదు వేల ఎనిమిదివందలు. 2025లో 14.75 లక్షలు, పైన 6.9 శాతం, లక్షా పద్దెనిమిది వందలు. చూసినావా, కటాఫ్ రెండున్నర పాయింట్లు ఎగిరింది కానీ గడపలోంచి లోపలికి పోయేవాళ్లు లక్ష దగ్గరే ఉన్నారు. గడప ఎత్తు పెరగలేదమ్మా, బయట నిలబడినోళ్లు పెరిగినారు.

ఇప్పుడు మీ ఇద్దరిదీ చూద్దాం. మీ అన్న 91, పైన 9 శాతం, 11.13 లక్షల్లో అది ఇంచుమించు లక్షో స్థానం. నీది 92, పైన 8 శాతం, కానీ 14.75 లక్షల్లో అంటే 1,18,000. పర్సెంటైల్‌లో నువ్వు పైన, ర్యాంకులో మీ అన్న పైన. రెండూ నిజమే. ఏడు మారితే పర్సెంటైల్స్ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు అనేది ఇందుకే, ర్యాంకులోకి మార్చుకున్నాకనే పోల్చాల.

ఇంక మార్కులైతే అస్సలు పోల్చొద్దు, ఎందుకంటే పేపరే మారింది. 2019లో 90 ప్రశ్నలు, 360 మార్కులు. 2020లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. 2021 నుంచి 2024 దాకా సబ్జెక్టుకు పది న్యూమరికల్స్, అంటే ఆప్షన్లు లేకుండా జవాబు అంకెల్లో ఇచ్చే ప్రశ్నలు, ఇచ్చి అందులో ఏవైనా ఐదు రాయమనేవాళ్లు. మీ అన్న రాసింది ఆ పేపరే. రాని ఐదు వదిలేసుకునే వెసులుబాటు ఉండింది వాడికి. 2025లో ఆ ఛాయిస్ తీసేసినారు, సబ్జెక్టుకు ఐదే న్యూమరికల్స్, ఐదూ రాయాల్సిందే, తప్పైతే ఒక మార్కు పోతుంది. మూడు గంటల్లో 75 ప్రశ్నలు, ప్రశ్నకు రెండు నిమిషాల ఇరవైనాలుగు సెకన్లు. మీ అన్నకు 300కి వచ్చిన మార్కులు, నీకు 300కి వచ్చిన మార్కులు చూడ్డానికి ఒకే కొలత, కానీ కొలిచిన గిన్నె వేరు. ఇంట్లో పెద్దోళ్లు ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు, అయినా రోజూ వినేదానికి ఎంత నొప్పిగా ఉంటుందో కూడా నాకు తెలుసు. నీ 92 మంచి పర్సెంటైలే.

ప్రశ్న: మేడమ్, మా అన్న కూతురు అమెరికాలోనే పుట్టి పెరిగింది, 2014లో అక్కడి కాలేజీల్లో చేరేదానికి రాసే శాట్ పరీక్ష రాస్తే 1900 వచ్చిందంట. మా అబ్బాయి ఇక్కడ కడపలో చదువుకుంటూ ఈమధ్య శాట్ రాసినాడు, 1350 వచ్చింది. అన్న ఫోన్లో 'మా పాపకు 1900, మీవాడికి 1350 ఏనా' అన్నాడు. మా ఆయన అప్పటి నుంచి అప్లై చేయడమే వద్దంటున్నారు. – ఒక అమ్మ, కడప

జవాబు: అమ్మా, మీ మేనకోడలిది 2400కి, మీ అబ్బాయిది 1600కి! ఇది ముందు మీ ఆయనకు చెప్పండి, తర్వాత మీ అన్నకు ఫోన్ చేయండి.

2005 మార్చి నుంచి 2016 జనవరి దాకా శాట్‌లో మూడు భాగాలు ఉండేవి, క్రిటికల్ రీడింగ్, మ్యాథ్స్, రైటింగ్, ఒక్కోటి 800. 2016 మార్చిలో పరీక్షనే మార్చేసి రెండే భాగాలు చేసినారు, 1600కి తెచ్చినారు. ఐదు ఆప్షన్లు నాలుగైనాయి, తప్పు జవాబుకు పావు మార్కు కోసేది తీసేసినారు. కాబట్టి 1900ని మూడింట రెండు వంతులు చేసి 1267 అని కూడా అనకూడదు, అట్ల చేస్తే ఆ పాపకు అన్యాయం. పాత స్కోరు కొత్తదాంట్లో ఎంతకు సమానమో శాట్ పెట్టే సంస్థ కాలేజ్ బోర్డే పట్టికలు వేసి పెట్టింది, వాటిల్లో 1900కి అంతకంటే ఎక్కువే పలుకుతుంది. ఆ పట్టిక తీసి చూడమనండి మీ అన్నను.

2016 తర్వాత ఎవరైనా రాసి ఉంటే వాళ్లతో నేరుగా పోల్చుకోవచ్చు. మన దేశంలాంటి బయటి దేశాల్లో 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి శాట్ కంప్యూటర్ మీదకి మారింది, 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు, ఒక్కో భాగంలో మొదటి సగం (మాడ్యూల్) ఎట్ల రాసినారో చూసి రెండోది తేలికదో గట్టిదో ఇస్తుంది. పరీక్ష మారినా కొలబద్ద మాత్రం అదే ఉంచినారు.

పర్సెంటైల్ చూసేటప్పుడు మటుకు జాగ్రత్త, కాలేజ్ బోర్డు లెక్కల్లో రెండు రకాలు ఉంటాయి. ఒకటి శాట్ రాయని పిల్లల్ని కూడా కలిపి అమెరికా పిల్లలందరూ రాసి ఉంటే ఎట్లుండేదో అని అంచనా కట్టింది, ఇంకోటి నిజంగా రాసినోళ్లలో ఎక్కడున్నాడు అనేది. మొదటిది మామూలుగా కాస్త పెద్దగా కనిపిస్తుంది. నేనైతే రెండోదే చూస్తా, మీరూ అదే చూడండి. అట్లే పాత రోజుల్లో శాట్ పర్సెంటైల్ అంటే నీకంటే తక్కువ వచ్చినోళ్లు ఎంతమంది అని మాత్రమే, ఇప్పుడు సమానంగా వచ్చినోళ్లను కూడా కలుపుతారు, అంటే ఆ పాప పాత కాగితంలో ఉండే పర్సెంటైల్‌నీ మీవాడి పర్సెంటైల్‌నీ పక్కపక్కన పెట్టేదానికీ కుదరదు. 1350కి అప్లై చేయకుండా ఆపాల్సిన పనేం లేదమ్మా. చేయించండి.

ప్రశ్న: మూడు సబ్జెక్టుల పర్సెంటైల్స్ కూడి మూడుతో భాగిస్తే టోటల్ రావడం లేదు. ఎన్‌టీఏ లెక్క తప్పా? – ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: తప్పు కాదు నాయనా. టోటల్ పర్సెంటైల్‌ని నీ మూడు సబ్జెక్టుల మార్కులు కలిపి, ఆ మొత్తాన్ని మీ షిఫ్టులో అందరి మొత్తాలతో పోల్చి విడిగా కడతారు. మ్యాథ్స్‌లో నిన్ను దాటినోళ్లూ కెమిస్ట్రీలో నిన్ను దాటినోళ్లూ ఒకే మనుషులు కాదు, అందుకే సగటు తీస్తే కలవదు. ఇద్దరి టోటల్ సమానమైతే ముందు మ్యాథ్స్, తర్వాత ఫిజిక్స్, ఆ తర్వాత కెమిస్ట్రీ చూస్తారు, సబ్జెక్టు పర్సెంటైల్స్ పనికొచ్చేది అక్కడ.

ప్రశ్న: ఈఏపీసెట్‌లో కూడా ఇట్ల పర్సెంటైలేనా మేడమ్? – ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: కాదమ్మా. మన రాష్ట్రం ఇంజినీరింగ్ సీట్లకు పెట్టే ఆ పరీక్షలోనూ షిఫ్టులు ఉంటాయి, సరిచేయడం కూడా ఉంటుంది, దారే వేరు. 160 ప్రశ్నలు, 160 మార్కులు, నెగెటివ్ లేదు. ఒక్కో షిఫ్టు సగటు మార్కులు, మార్కులు ఎంత చెదిరి ఉన్నాయి, ఆ షిఫ్టులో మొదటి 0.1 శాతం పిల్లల సగటు ఎంత అనేవి తీసుకొని, వాటిని మొత్తం అందరి లెక్కతో సరిచూసి నీ మార్కులనే కాస్త పెంచో తగ్గించో ఇస్తారు. అందుకే కీ చూసి నువ్వు వేసుకున్న మార్కులకీ రిజల్ట్‌లో వచ్చిన మార్కులకీ తేడా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఆ సరిచేసిన మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజ్ కలిపి ర్యాంకు ఇస్తారు. జేఈఈ మెయిన్‌లో ఇంటర్ మార్కులు ర్యాంకులోకి రావు, ఇక్కడ వస్తాయి. ముందర ఇంటర్ పరీక్షలు ఉన్నాయి కదా, జేఈఈ బాధలో పడి అవి వదిలేయొద్దు.